రిఫర్ చెయ్యకుండా ఏజెన్సీ సర్వీసు గట్టెక్కడం ఎలా?

కొండమీది పీహెచ్‌సీలో కొత్తగా చేరిన డాక్టరు గారికి అభినందనలు. మీరు ఇక్కడికి వచ్చింది పీజీ సీటుకు ఇన్‌సర్వీస్ కోటా పనికొస్తుందని. ఆ సంగతి మీకు తెలుసు, మీ స్టాఫ్ నర్సుకు తెలుసు, వారపు సంతలో ఉల్లిపాయలమ్మే అతనికి కూడా తెలుసు. కాబట్టి మొహమాటం వద్దు. పాడేరు కానీ, సీతంపేట కానీ, ఉట్నూరు కానీ, ఏటూరునాగారం కానీ, ఎక్కడ పడినా మీకు కావాల్సినవి మూడే: రోజులు గడవాలి, నీట్ పుస్తకం పూర్తవాలి, మీ రిజిస్టర్లో చావులు ఉండకూడదు.

ఈ మూడింటికీ అడ్డం పడేది రిఫరల్. ఒక రోగిని గుండె డాక్టరు దగ్గరకో, కిడ్నీ డాక్టరు దగ్గరకో సరిగా పంపాలంటే ముందు ఆ మనిషిని బల్లమీద పడుకోబెట్టి చూడాలి, చెప్పింది వినాలి, మన అనుమానమేమిటో నాలుగు ముక్కలు రాయాలి, అక్కడ ఎవరికో ఫోన్ చెయ్యాలి, వెళ్ళారో లేదో వారం తర్వాత ఆశాను అడగాలి. ఒక్క మనిషికి ముప్పావుగంట. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అయితే కొండల్లో 20,000 మందికే ఒకటని ప్రభుత్వం లెక్క కట్టింది. జనాన్ని తగ్గించింది మీరు చదువుకుంటారనే కదా! ఆ సౌకర్యాన్ని రోగుల మీద తగలెయ్యకండి.

అలాగని అందరినీ ఆపేస్తే దొరికిపోతారు. పైనుంచి ఫోన్ చేయించగలిగిన వాళ్ళను శుభ్రంగా పంపండి. మిగతా వాళ్ళను పంపినట్టు ఉండాలి, పంపకుండా ఉండాలి. ‘పంపను’ అని మాత్రం చచ్చినా అనకండి. ఆ మాటకు సాక్షులుంటారు. ‘చూద్దాంలే’ అన్నదానికి ఎవరూ సాక్ష్యం చెప్పలేరు.

1. స్టెతస్కోపు కన్నా ముందు కళ్ళు వాడండి

రోగి గుమ్మంలో ఉండగానే సగం పని అయిపోవాలి. కాళ్ళకు చెప్పులున్నాయా, చేతిలో ఫోనుందా, వెంట వచ్చినవాడు ‘సార్’ అంటూ కుర్చీ లాక్కుంటున్నాడా, గోడకానుకుని గొంతుక్కూచున్నాడా? ఇవి చాలు.

ఒకే రోజు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారనుకోండి. ఇద్దరికీ యాభై దాటాయి. ఇద్దరికీ నాలుగడుగులేస్తే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, సాయంత్రానికి పాదాలు పొంగుతాయి. మొదటావిడ సంతవీధి కిరాణా కొట్టు షావుకారు గారి తల్లి. ‘రండమ్మా, కూర్చోండి’ అనండి. బీపీ చూడండి, ఈసీజీ తీయించండి, చీలమండ పైన వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూడండి. పడుతుంది. వెంటనే విశాఖలో కార్డియాలజీ చేస్తున్న మీ బ్యాచ్‌మేట్‌కు ఫోన్ కొట్టండి: ‘ఒరే, మా వాళ్ళేరా, రేపు పంపిస్తున్నా, కాస్త ఎకో తీయించు.’ లెటర్‌హెడ్ మీద పేజీ నిండా రాయండి. ఆ సాయంత్రమే మీ క్వార్టర్‌కు కిలో జీడిపప్పు నడిచి వస్తుంది.

రెండో ఆవిడ మనవణ్ణి వెంటబెట్టుకుని పై ఊరి నుంచి వచ్చిన ముసలమ్మ. కువి తప్ప మరో భాష రాదు. తెల్లారకముందే బయల్దేరి కొండ దిగి వచ్చింది. ఇది మీకు దొరికిన వరం. ‘అంత దూరం నడిచొచ్చిన మనిషికి గుండెజబ్బేమిటి!’ అనెయ్యండి. దారిలో ఎన్నిచోట్ల కూలబడిందో మనవడికి తెలుసు. మీరు అడగరు కాబట్టి వాడు చెప్పడు. పాదం వాపు కనిపిస్తూనే ఉంటుంది, నొక్కకండి. నొక్కితే గుంట పడుతుంది, గుంట పడితే రాయాలి, రాస్తే పంపాలి. ఓపీ చీటీ మీద ‘జనరల్ వీక్‌నెస్’ అని గీకండి. బీకాంప్లెక్స్, ఐరన్ మాత్రలు, ఒక సూది. సూది మాత్రం ఎగ్గొట్టకండి. సూది వేశాక డాక్టరు ఏమీ చూడలేదని ఎవరూ అనరు. ‘వారం చూసి రా’ అని పంపెయ్యండి. వారం తర్వాత మళ్ళీ ఆ కొండ దిగి రాగలిగితే ఆరోగ్యం బాగున్నట్టే. రాకపోతే మందు పనిచేసినట్టే.

రిజిస్టర్లో ఇద్దరి పేర్లూ పడ్డాయి, ఇద్దరికీ మందులిచ్చారు. ఆ పుస్తకాన్ని ఎవరొచ్చి ఎటు తిప్పి చూసినా తేడా కనిపించదు.

2. ‘వీళ్ళకు అంతే’ అన్న మాట నోటికి రానివ్వండి

షావుకారు కోడలికి హిమోగ్లోబిన్ 6 ఉంటే ఎమర్జెన్సీ. కొండదొర తెగ ఇంటి కోడలికి 6 ఉంటే ‘వీళ్ళకు అంతే’. 6 అంటే తీవ్ర రక్తహీనత అని పుస్తకం చెబుతుంది. పుస్తకం రాసినవాళ్ళు ఘాట్ రోడ్డు ఎక్కలేదు కదా. పిల్లాడి పొట్ట ముందుకొచ్చిందా? ‘నులిపురుగులు, వీళ్ళకు అంతే.’ కళ్ళు పచ్చబడ్డాయా? ‘మలేరియా తిరగబెట్టింది, వీళ్ళకు అంతే.’ అసలు ఏజెన్సీలో మలేరియా ఉన్నందుకు మీరు రోజూ దణ్ణం పెట్టుకోవాలి. దోమ మీద ఏ నేరం మోపినా అది అప్పీలుకు వెళ్ళదు.

సికిల్ సెల్ విషయంలో కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే దానికి టార్గెట్లున్నాయి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ళ లోపు వాళ్ళలో 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామంది, 2047 కల్లా జబ్బును లేకుండా చేస్తామంది. మీరు పరీక్షల వరకే మనసు పెట్టండి. వేలికి గుచ్చారా, కార్డు చేతిలో పెట్టారా, ఆన్‌లైన్లో ఎక్కించారా, ఫోటో దిగారా? అయిపోయింది.

ఆ తర్వాత ఆశ్రమ పాఠశాల నుంచి పన్నెండేళ్ళ కుర్రాడొకడు నెలకోసారి ఒళ్ళు నొప్పులంటూ వస్తుంటాడు. కార్డు వాడి ట్రంకు పెట్టెలో ఉంటుంది. సరిగా చూసే డాక్టరైతే వాణ్ణి రక్తజబ్బుల క్లినిక్‌కు పంపిస్తాడు. అక్కడ హైడ్రాక్సీయూరియా మొదలుపెడతారు, పక్షవాతం ముప్పు ఉందేమోనని తలలో రక్తనాళాలకు డాప్లర్ తీస్తారు, తుంటి ఎముకను ఎక్స్‌రేలో చూస్తారు. ఎంత తలనొప్పి! వెంట వచ్చిన వార్డెన్ ‘బడి ఎగ్గొట్టడానికి వేషాలు సార్’ అంటాడు. నమ్మండి. పిల్లల మనసు వార్డెన్‌కు తెలిసినట్టు రక్తపరీక్షకేం తెలుస్తుంది! నొప్పి సూది వేసి పంపండి. కొన్నాళ్ళకు తుంటి ఎముక చచ్చుబడి కుర్రాడు కుంటడం మొదలుపెడితే ‘చెట్టు మీంచి పడ్డావా?’ అని గద్దించండి. ఆశ్రమ పాఠశాల పిల్లాడన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు చెట్టెక్కే ఉంటాడు, పడే ఉంటాడు. ఒప్పుకుంటాడు.

3. వాళ్ళ భాష జోలికి పోకండి

గిడుగు రామమూర్తి పంతులు గారిని తలచుకోండి. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవరలతో కలిసి తిరిగి, వాళ్ళ భాష నేర్చి, 1931లో ఆ భాష మీద పుస్తకం అచ్చువేయించారు. ఆపైన నిఘంటువూ చేశారు. ఒరిగిందేమిటి? కొండ జ్వరం పట్టుకుంది. క్వినైన్ మింగి మింగి చెవుడొచ్చింది. అంత కష్టపడి సవర నేర్చుకుని, చివరికి సవర మాట వినబడకుండా చేసుకున్నాడు మహానుభావుడు. మీకు చెవులు కావాలి. పీజీ కౌన్సెలింగ్‌లో పేరు పిలిస్తే వినబడాలి.

కాబట్టి దుబాసీని పెట్టుకోండి. ఆశాకు తీరిక ఉన్నా ఆవిడ వద్దు. ఆవిడకు ఊరి సంగతులన్నీ తెలుసు, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. వరండాలో నాలుగు తెలుగు ముక్కలు వచ్చినవాణ్ణి ఎవణ్ణయినా పిలవండి. రోగి ఐదు నిమిషాలు చెబుతుంది, చేయి గుండె మీద పెట్టి చూపిస్తుంది, వీపు మీదికి తిప్పి చూపిస్తుంది. అతను ‘నొప్పంట సార్’ అంటాడు. ఓపీ చీటీలో కారణం రాసే గడి ఎంత ఉంటుందో ఆ జవాబూ అంతే ఉంటుంది.

ఆడవాళ్ళ జబ్బులకైతే మరిదినో, పదో తరగతి చదివే కొడుకునో దుబాసీగా నిలబెట్టండి. తలుపు తెరిచే ఉంచండి. ముట్టు ఆగిన మూడేళ్ళకు మళ్ళీ రక్తం కనిపిస్తోందని ఏ తల్లీ కొడుకు ముందు నోరు విప్పదు. ‘కడుపునొప్పి’ అంటుంది. మీరు గ్యాస్ మాత్ర ఇస్తారు. గైనకాలజిస్టుకు రాయాల్సిన చీటీ, చెయ్యాల్సిన ఫోను, క్యాన్సరన్న మాట, అన్నీ ఆ తెరిచిన తలుపులోంచి వాటంతటవే వెళ్ళిపోతాయి.

4. ‘పంపినా వెళ్ళరు సార్’

ఏజెన్సీలో దీనికి మించిన వాక్యం లేదు. మీకన్నా ముందు పనిచేసిన డాక్టరు దీన్ని ఛార్జ్ లిస్టులో మీకు అప్పగించే ఉంటాడు. దీని గొప్పతనమేమిటంటే, పంపి చూడాల్సిన అవసరమే ఉండదు.

ఎందుకు వెళ్ళరని మాత్రం అడగకండి. అడిగితే కాఫీ పళ్ళు కోసే రోజులంటారు, కూలి పోతుందంటారు, మేకల్ని ఎవరు చూస్తారంటారు, పోయినసారి వెళితే రెండు రాత్రులు వరండాలో పడుకుని డాక్టర్ని చూడకుండానే తిరిగొచ్చామంటారు. ఇవన్నీ మందున్న కారణాలు. కోతలయ్యాక తేదీ ఇవ్వొచ్చు, తోడుగా ఏఎన్‌ఎంను పంపొచ్చు. అందుకే చెవిన పడనివ్వకూడదు. ‘మూఢనమ్మకం’ అని రాసుకోండి, దానికి మీ దగ్గర మందు లేదు కాబట్టి మీ బాధ్యతా లేదు. ఊళ్ళో నాటువైద్యం చేసే దిసారి ఉన్నాడంటే మీ పంట పండినట్టే. ఏ కేసు ముదిరినా ‘ముందు దిసారి దగ్గరకు వెళ్ళారు, అందుకే ఆలస్యం’ అనవచ్చు. మీ దగ్గరకే మూడుసార్లు వచ్చారన్నది ఓపీ చీటీల్లో ఉంటుంది. ఓపీ చీటీలు రోగి దగ్గర ఉంటాయి. రోగి ఇల్లు వానకు కారుతుంది.

అభయ్ బంగ్ అధ్యక్షతన 2013లో కేంద్రం వేసిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. ఓపీ వైద్యానికి గిరిజనుల్లో సగానికి పైగా సర్కారు ఆసుపత్రులకే వస్తారని అందులో ఉంది. వచ్చే జనం వెళ్ళరెందుకని ఎవరైనా తెలివైనవాడు మిమ్మల్ని అడగవచ్చు. అడగడు, కంగారు పడకండి. నివేదిక లావుగా ఉంది.

ఇంకా భయంగా ఉంటే వేలిముద్ర పద్ధతి ఉంది. ‘పై ఆసుపత్రికి వెళ్ళమని చెప్పారు, మా ఇష్టంతోనే వెళ్ళడం లేదు’ అని తెలుగులో రాయించి, మందుల కాగితమని చెప్పి బొటనవేలు ఒత్తించండి. స్టాంపు ప్యాడ్ ఎప్పుడూ తడిగా ఉంచండి.

5. చీటీ ఎలా రాయాలి

తప్పనిసరై పంపాల్సి వచ్చిందే అనుకోండి. అప్పుడూ దిగులొద్దు. చీటీ అన్నది ఉంటే చాలు, చీటీలో ఏమీ ఉండనక్కర్లేదు.

తేదీ వెయ్యండి. అర్థం కాని సంతకం పెట్టండి. మధ్యలో ‘పై ఆసుపత్రికి రిఫర్’ అని ఒక్క ముక్క రాయండి. అనుమానించిన జబ్బు, చేసిన పరీక్ష, ఇచ్చిన మందు, మీ ఫోన్ నంబరు, ఇవేవీ పొరపాటున కూడా దొర్లకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ విభాగానికి వెళ్ళాలో, ఆ ఓపీ ఏ వారం ఉంటుందో రాయకండి. పెద్దాసుపత్రుల్లో ఒక్కో స్పెషాలిటీ ఓపీ ఒక్కో రోజు, ఒక్కో యూనిట్ ఒక్కో రోజు. ఓపీ చీటీలు మధ్యాహ్నానికి ఆపేస్తారు. మీ పని సగం ఈ రెండు నియమాలే చేసిపెడతాయి.

ఎలాగో చూడండి. మనిషి పై ఊరి నుంచి దిగి, జీపు పట్టుకుని పాడేరు చేరి, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్ల పైచిలుకు బస్సులో కూర్చుని విశాఖలో దిగేసరికి కౌంటర్ మూసేస్తారు. ఆ రాత్రి చెట్టు కింద. మర్నాడు క్యూలో నిలబడితే హౌస్‌సర్జన్ మీ చీటీని తిరగేసి మరగేసి చూస్తాడు. వెనక ఏమీ ఉండదు, ముందూ ఏమీ ఉండదు. ‘ఎందుకు పంపారు?’ అని అడుగుతాడు, తెలుగులో, గబగబా. రోగి తన ఛాతీ చూపిస్తాడు. ‘దగ్గా?’ అంటాడు. తలూపుతాడు రోగి, చదువుకున్నవాళ్ళు ఏమడిగినా తలూపడం మీ పీహెచ్‌సీలో మీరే నేర్పారు. జనరల్ ఓపీలో దగ్గు మందు రాస్తారు. గుండె డాక్టర్ల ఓపీ ఎల్లుండి. చేతిలో డబ్బు ఇవాళ్టికి.

ఇంటికొచ్చేశాడు. ఇక జన్మలో ఆయన్ను మీరు ఎక్కడికీ పంపాల్సిన పని లేదు. పైగా నాలుగో చిట్కా ఇప్పుడు నిజమైంది: పంపినా వెళ్ళడు!

ఒక హెచ్చరిక. విశాఖ కేజీహెచ్‌లో గిరిజన రోగులకు సాయపడటానికి ఎస్టీ సెల్ అని ఒకటుంది. దాని గురించి మీ గోడ మీద ఎవరైనా కాగితం అంటిస్తే, దాని మీద పల్స్ పోలియో పోస్టరు అంటించండి. పోలియో పోస్టరును ఎవరూ తప్పుపట్టరు.

6. ఖాళీ కుర్చీకి పంపండి

పీహెచ్‌సీ నుంచి సీహెచ్‌సీకి, అక్కణ్ణుంచి ఏరియా ఆసుపత్రికి, ఆపైన జిల్లా ఆసుపత్రికి, చివర మెడికల్ కాలేజీకి. నిచ్చెన ఇలా ఉంది. మొదటి మెట్టు దాటించకండి. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలో గ్రామీణ సీహెచ్‌సీల్లో ఉండాల్సిన సర్జన్లు, ఫిజీషియన్లు, గైనకాలజిస్టులు, పిల్లల డాక్టర్లు కలిపి దాదాపు 80 శాతం కొరత. అంటే సీహెచ్‌సీకి పంపడం నిబంధనల ప్రకారం నూటికి నూరుపాళ్ళు ఒప్పు, ఫలితం దృష్ట్యా ఎక్కడికీ పంపకపోవడంతో సమానం. ఇంత అందమైన ఏర్పాటు ఏ శాఖలోనూ లేదు.

టెలిమెడిసిన్ ఉందిగా అంటారు. ఉంది. సిగ్నల్ లేదని రాయండి. సిగ్నల్ ఉన్నరోజు కరెంటు లేదని రాయండి.

7. కాగితాలు అడగండి

ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు. ఈ వరసలోనే అడగండి, ఒక్కోరోజు ఒక్కోటి. మూడూ ఒకేసారి అడిగితే మూడూ ఒకేసారి తెచ్చేవాళ్ళు ఉంటారు.

గుత్తికోయల విషయంలో ఈ చిట్కా తిరుగులేనిది. సల్వాజుడుం గొడవల్లో, 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, చింతూరు వైపు అడవుల్లో గుడిసెలేసుకున్నవాళ్ళు. అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఆ గుర్తింపు లేదు. చాలామందికి ఇక్కడి కార్డులూ లేవు. కార్డు లేని మనిషికి జబ్బున్నట్టు రాస్తే, ఏ పథకం కింద పంపాలో కూడా రాయాలి. అందుకని జబ్బు రాయకండి. ‘మీ రాష్ట్రం వెళ్ళి చూపించుకో’ అనండి. ఏ రాష్ట్రం నుంచి ప్రాణం అరచేత పట్టుకుని వచ్చాడో అక్కడికే.

సరిహద్దును వాడుకోవడం ఒక అలవాటుగా చేసుకోండి. 2014లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండిపోయింది. రోగికి దగ్గర భద్రాచలం, కాగితానికి దగ్గర రాజమండ్రి, కాకినాడ. మీరు కాగితం పక్షం వహించండి.

8. అమెరికా నుంచి నేర్చుకోండి

మనవాళ్ళు నోటిమాటతో చేసే పనిని అమెరికావాళ్ళు లెక్కల సూత్రంతో చేశారు. కిడ్నీ ఎంత పనిచేస్తోందో రక్తపరీక్షతో అంచనా వేసే లెక్కలో రోగి నల్లజాతివాడైతే వచ్చిన అంకెను మరికొంత హెచ్చించేవారు. 1999 నాటి సూత్రంలో ఆ గుణకం దాదాపు 1.2, 2009 దాంట్లో 1.159. కిడ్నీ అదే, రక్తం అదే, అంకె మాత్రం పెరిగేది. 18 వచ్చినవాడికి 20.9 పడేది. కిడ్నీ మార్పిడి జాబితాలో కాలం లెక్కకు రావాలంటే 20కి దిగాలి. కాబట్టి తెల్లవాడు క్యూలో నిలబడ్డాక కూడా నల్లవాడు ఇంకా ‘బాగానే’ ఉండేవాడు. ఇందులో డాక్టరు చెడ్డవాడు కానక్కర్లేదు, జాతి ద్వేషం అక్కర్లేదు, కాలిక్యులేటర్ ఉంటే చాలు. 2021లో అక్కడి కిడ్నీ నిపుణుల సంఘాలు ఆ గుణకాన్ని తీసేయించాయి. పోయిన ఏళ్ళను ఆ తర్వాత జాబితాలో కలపాల్సి వచ్చింది. అయినా రెండు దశాబ్దాలు నడిచింది, తక్కువేం కాదు.

వాళ్ళ దగ్గరే ఇంకో సంగతి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు ముదురు రంగు చర్మం మీద ఎక్కువ చూపిస్తుందని 2020లో తేలింది. క్లిప్పు బాగానే ఉందంటున్నా రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉండటం తెల్లవాళ్ళ కన్నా నల్లవాళ్ళలో దాదాపు మూడింతలు. మీ పీహెచ్‌సీలోనూ క్లిప్పు ఉంది, మీ రోగుల రంగూ మీకు తెలుసు. 94 చూపించిందా? మిషన్ అబద్ధమాడదు అని గట్టిగా చెప్పి పంపెయ్యండి.

అయితే అతి చెయ్యకండి. 1999లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అక్కడ 720 మంది డాక్టర్లకు నటుల చేత ఛాతీనొప్పి రోగుల్లా మాట్లాడించి వీడియోలు చూపించారు. గుండె పరీక్షకు పంపాలన్నది తెల్లవాళ్ళ విషయంలో 90.6 శాతం, నల్లవాళ్ళ విషయంలో 84.7 శాతం. తేడా ఎంత పొందిగ్గా ఉందో చూశారా! ఏ ఒక్క డాక్టర్నీ పట్టుకుని నువ్వు తేడా చూపించావనడానికి వీల్లేదు. వందమందిలో ఆరుగురి దగ్గర చెయ్యి జారితే చాలు.

9. ముదిరాక మాత్రం మెరుపులా పంపండి

ఇంతవరకూ ఆపమని చెప్పాను. ఇప్పుడు పంపమంటున్నాను. ఆపాల్సింది ఓపీ కేసుల్ని; చావుకేసుల్ని ఒక్క క్షణం ఉంచుకోకూడదు. ఆరు నెలలుగా ‘జనరల్ వీక్‌నెస్’తో తిరిగిన ముసలమ్మను ఒకనాటి తెల్లవారుజామున డోలీ కట్టి నలుగురు మోసుకొస్తారు. నురగలు కక్కుతూ, కూర్చుంటే తప్ప ఊపిరందని స్థితిలో. ఇప్పుడు మీ చురుకుదనం చూపించండి. స్ట్రెచర్ మీదికి దించనివ్వకండి, దించితే అడ్మిషన్. గేటు దగ్గరే చూసి, 108కి మీరే ఫోన్ చేసి, చీటీ మీద మొదటిసారిగా గుండెజబ్బు అని స్పష్టంగా, చదవగలిగేలా రాయండి. కింద సమయం వెయ్యండి. నిమిషాలతో సహా. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఏం జరిగినా అది దారి ఖాతాలోకో, పై ఆసుపత్రి ఖాతాలోకో పోతుంది. మీ పుస్తకంలో ‘తక్షణమే రిఫర్ చేయబడింది’ అని ఉంటుంది.

మోసుకొచ్చిన నలుగురికీ ‘ఇంతదాకా ఏం చేశారు?’ అని నాలుగు చీవాట్లు పెట్టడం మరవకండి. జనం చుట్టూ మూగాక పెట్టండి.

10. సర్వీసు అయ్యాక

గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు ఆఫీసరు, అంటే పీఓ గారు, సమీక్షలో ఎప్పుడైనా అడిగితే మూడు అంకెలు చెప్పండి: ఓపీ ఎంత, సూదులెన్ని, అత్యవసర రిఫరల్స్ ఎన్ని. మూడూ బ్రహ్మాండంగా ఉంటాయి. జాతుల వారీగా విడదీసి ఎవరెవర్ని ఏ స్పెషలిస్టు దగ్గరకు పంపారో చెప్పమని అడిగే పీఓ వస్తే, ఆయన బదిలీ అయ్యేదాకా సెలవు పెట్టండి.

కోటాలో సీటొస్తుంది. జనరల్ మెడిసిన్, ఆపైన కార్డియాలజీ. పదేళ్ళకు హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో సదస్సు, ‘గిరిజన ప్రాంతాల్లో గుండె వైఫల్యం’ మీద మీరే ప్రధాన వక్త. రెండో స్లైడ్లో ‘ఈ రోగులు మా దగ్గరకు చాలా ఆలస్యంగా వస్తున్నారు’ అని పెద్ద అక్షరాలతో పెట్టండి. ప్రాథమిక స్థాయి వైద్యులకు శిక్షణ చాలడం లేదని బాధపడండి. పక్కన డోలీ ఫోటో వెయ్యండి, మీ ఫోన్లో ఉండే ఉంటుంది, అప్పట్లో గేటు దగ్గర మీరే తీశారు. వెనక పీహెచ్‌సీ బోర్డు పడుతుంది, కత్తిరించండి.